అప్పు తీర్చేస్తే అన్నయ్య పందేలు మానేస్తాడా?

అల్లూరు దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన ప్రశ్న ఇది. అన్నకు 41 ఏళ్లు. ఆరెకరాల్లో వెనామీ రొయ్యలు సాగు చేస్తాడు. మూడేళ్లుగా ఫోనులో క్రికెట్ పందేలు, రమ్మీ ఆడుతున్నాడు. మేత దుకాణంలో, చీటీల్లో, చేబదుళ్లలో కలిపి పెద్ద మొత్తం అప్పు ఉందని ఇటీవలే తమ్ముడికి తెలిసింది. అన్నకు నిద్ర లేదు, బీపీ పెరిగింది, కడుపులో మంట, ఎవరితోనూ సరిగా మాట్లాడడు. తండ్రి కూడా బతికున్నన్నాళ్లూ పేకాట మానలేదు. “రెండెకరాలు అమ్మి అప్పులన్నీ కట్టేస్తే మనసు కుదుటపడి వాడే మానేస్తాడని అమ్మ అంటోంది. నిజమేనా? ఇది జబ్బా, బుద్ధిలేనితనమా? వదినకు మొత్తం చెప్పాలా?” అని తమ్ముడి ప్రశ్నలు.

ముందు భూమి సంగతి చెబుతాను, రిజిస్ట్రేషన్ అయిపోతే వెనక్కి తీసుకోలేరు కాబట్టి. ఇప్పుడు అమ్మకండి. అప్పు ఎగ్గొట్టమని నేను అనడం లేదు. వైద్యం మొదలుకాక ముందే, డబ్బు ఆయన చేతికి అందకుండా కట్టుదిట్టం చేయక ముందే, అప్పంతా ఒక్కసారిగా తీర్చేయడం ఈ జబ్బులో చాలా ప్రమాదకరమైన సాయం. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల కుటుంబాలను మానసిక వైద్యుడిగా చాలా కాలంగా చూస్తున్నాను. తల్లి నగలు, భార్య పుట్టింటివారు ఇచ్చిన పొలం, చెల్లెలి పెళ్లికి దాచిన డబ్బు పెట్టి అప్పు తీర్చిన ఇళ్లవారు ఏడాది రెండేళ్లకు అంతకంటే పెద్ద అప్పుతో మళ్లీ రావడం నాకు అలవాటైన దృశ్యం. అప్పు తీరగానే ఊళ్లో ఆయన పరపతి తిరిగి నిలబడుతుంది, కొత్త అప్పు పుడుతుంది. ఎంత పోయినా ఇంటివాళ్లు పూడుస్తారన్న ధైర్యమూ వస్తుంది. మీ అమ్మగారి ఆలోచన వెనక ఉన్న ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. ఆవిడ అనుకుంటున్నట్లు అప్పు వల్ల జూదం రాలేదు, జూదం వల్ల అప్పు వచ్చింది.

ఇది జబ్బే. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధి నిర్ధారణ గ్రంథంలో జూదాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరిలో అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలోనూ జూద రుగ్మత వ్యసనాల కిందే ఉంది. నిర్ధారణకు మేము తొమ్మిది లక్షణాలు చూస్తాం. గడిచిన పన్నెండు నెలల్లో నాలుగు కనిపిస్తే జబ్బు ఉన్నట్లు. పందెం మొత్తం పెంచుకుంటూ పోవడం, ఆపితే చిరాకు, అశాంతి, మానాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా మానలేకపోవడం, ఎప్పుడూ అదే ధ్యాస, మనసు బాగాలేనప్పుడల్లా ఆడటం, పోయినదాన్ని రాబట్టుకోవడానికి మర్నాడే మళ్లీ ఆడటం, అబద్ధాలు, పనికో సంసారానికో చేటు తెచ్చుకోవడం, అప్పులకు ఇతరుల మీద ఆధారపడటం. మీ ఉత్తరంలోనే వీటిలో ఐదారు కనిపిస్తున్నాయి. ఇంట్లో ఇంకెవరి గురించైనా అనుమానం ఉంటే రెండు ప్రశ్నలు వేసి చూడండి: పందెం మొత్తం అంతకంతకూ పెంచాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడుతున్నారో అయినవాళ్ల దగ్గర ఎప్పుడైనా దాచవలసి వచ్చిందా? ఏ ఒక్కదానికి అవునన్నా డాక్టరుకు చూపించడం మంచిది.

ఆ తొమ్మిదిలో నన్ను ఎక్కువ భయపెట్టేది, పోయినదాన్ని రాబట్టుకోవాలన్న తపన. చూసేవాళ్లకు ఇది దురాశలా కనిపిస్తుంది. నా దగ్గరకు వచ్చినవాళ్లలో చాలామంది కోటీశ్వరులు కావాలని ఆడటం లేదు. పోయిన డబ్బు తిరిగి తెచ్చేసి, ఎవరికీ తెలియకముందే లెక్క సరిచేసి, ఆ తర్వాత మానేద్దామని ఆడుతున్నారు. మీ అన్నయ్య కూడా ప్రతి రాత్రీ ఇదే ఆఖరి రాత్రి అనుకునే ఆడుతూ ఉండవచ్చు. అందుకే “ఇంత పోయాక కూడా బుద్ధి రాలేదా” అన్న మాట ఆయనకు పనిచేయదు. ఇంత పోయింది కాబట్టే ఆయన ఆడుతున్నాడు.

మెదడులో జరిగేది స్థూలంగా ఇది. గెలుపు ఎప్పుడు వస్తుందో తెలియని ఆటలో, గెలిచినప్పుడే కాదు, గెలుస్తామేమోనని ఎదురుచూసేటప్పుడు కూడా డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుంది. ఒక్క పరుగు తేడాతో పోయిన పందెం మెదడుకు పూర్తి ఓటమిలా అనిపించదు. గెలిచినప్పుడు మేలుకొనే భాగాలే అప్పుడూ మేలుకొంటాయని మెదడు చిత్రాలు తీసిన పరిశోధనల్లో తేలింది. వెనకటి పేకాటలో ఆట అయ్యేదాకా ఆగాలి, మనుషులు చేరాలి, పోలీసుల భయం ఉండేది. ఇప్పుడు ఒక్క మ్యాచ్‌లో ప్రతి ఓవరుకూ, ప్రతి బంతికీ పందెం కాయవచ్చు. పందేల సైటులోకి వెళ్లడానికి ఏజెంటు ఇచ్చిన ఐడీ ఫోనులో ఉంటే చాలు. పందేనికీ పందేనికీ మధ్య విరామం ఎంత తగ్గితే వ్యసనం అంత త్వరగా బిగుస్తుంది.

ఇక, అందరూ ఆడతారు కదా, మా అన్నకే ఎందుకు అని మీరు అడిగారు. ఒక్క కారణం ఉండదు. కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి ఈ జబ్బు వచ్చే అవకాశంలో సుమారు సగం వంశపారంపర్యం. మీ నాన్నగారి పేకాట ఈ లెక్కలోకి వస్తుంది. చిన్నతనంలో సంక్రాంతికి ఆయన పక్కన కూర్చుని ముక్కలు పంచడం నేర్చుకున్నాడని రాశారు. ఎంత చిన్న వయసులో మొదలైతే ముప్పు అంత ఎక్కువ. మగవారిలో ఎక్కువ. ఆడవారికి సాధారణంగా ఆలస్యంగా మొదలవుతుంది కానీ, మొదలయ్యాక త్వరగా ముదురుతుంది. మొదటి రోజుల్లో ఒక పెద్ద మొత్తం గెలిచినవారిలో ఆ జ్ఞాపకం ఏళ్ల తరబడి పోదు. తొందరపాటు స్వభావం, చిన్ననాటి నుంచి ఉన్న ఏకాగ్రత లోపం, దిగులు జబ్బు, ఉత్సాహం పొంగి దిగులుగా మారే బైపోలార్ జబ్బు, మద్యం, సిగరెట్టు ఇవన్నీ ముప్పు పెంచేవే. 2005లో వెలువడిన ఒక పెద్ద అమెరికా సర్వేలో తీవ్రమైన జూద వ్యసనం ఉన్నవారిలో దాదాపు నలుగురికి ముగ్గురు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యం సమస్య ఉన్నవారే. సగం మందికి దిగులు వంటి మానసిక జబ్బులు ఉన్నాయి. కాబట్టి డాక్టరు మీ అన్నయ్య తాగుడు గురించి, మూడ్ గురించి అడిగితే అది ఆరా తీయడం అనుకోకండి.

చాలామందికి తెలియని కారణం ఒకటుంది, మందులు. పార్కిన్సన్ వ్యాధికి, కాళ్ల అశాంతికి వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మాత్రలు, మానసిక జబ్బులకు వాడే అరిపిప్రజోల్ కొద్దిమందిలో జూదం మీద అదుపులేని కోరికను పుట్టిస్తాయి. జీవితంలో ఎన్నడూ పేక పట్టని పెద్దవారు అరవై దాటాక హఠాత్తుగా పందేలకు దిగితే ఆ మందుల చీటీ ఒకసారి చూడాలి. మాత్రలు సొంతంగా ఆపకూడదు, రాసిన డాక్టరుకే చెప్పాలి.

మీ అన్నయ్య వృత్తి గురించి కాస్త ఎక్కువ చెబుతాను. ఈ జిల్లాల్లో రొయ్యల రైతులు, పొగాకు రైతులు, గ్రానైట్ పనివారు ఈ జబ్బుతో వస్తుంటారు కానీ, రొయ్యల చెరువు దగ్గర ముప్పు అంతా ఒక్కచోట పోగుపడి ఉంటుంది. పంట మూడు నాలుగు నెలలు. తెల్లమచ్చ వైరస్ వస్తే కొద్ది రోజుల్లోనే చెరువు ఖాళీ. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రోజున కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్నదాన్ని బట్టి ఇచ్చే ధర) ఎంత ఉంటుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. మేత అరువు, కరెంటు బిల్లు, జనరేటరు డీజిలు అన్నీ ఆ ఒక్క రోజు మీద ఆధారపడి ఉంటాయి. ఇన్నేళ్లు అలా బతికిన మనిషికి, పెద్ద మొత్తం పెట్టి ఫలితం కోసం ఊపిరి బిగపట్టడం మామూలు విషయం అయిపోతుంది. నష్టపోయిన పంటను వచ్చే పంటలో రాబట్టడం రైతుగా ఆయనకు తెలిసిన ధర్మం. అదే ఆలోచన పందెంలోకి వస్తే ప్రాణాంతకం. దానికి తోడు రాత్రంతా కాపలా షెడ్డులో ఒంటరిగా ఉండాలి. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగకుండా చూసుకోవాలి, నిద్రపోకూడదు, చేతిలో ఫోను ఉంటుంది. పట్టుబడి కాగానే ఉద్యోగి ఏడాదంతా చూడని డబ్బు ఒక్కసారిగా ఖాతాలో పడుతుంది. రైతుకు జీతగాడిలా నెల నెలా సర్దుకునే అవకాశం లేదు. కాబట్టి మీ అన్నయ్య వైద్యంలో చెరువు పనిని ఎలా మార్చాలన్నది కూడా భాగం కావాలి. రాత్రి కాపలా కొన్నాళ్లు జీతానికి మనిషిని పెట్టో, వంతులేసుకునో చూసుకోండి. పట్టుబడి డబ్బు వదినగారి ఖాతాలోకో, ఇద్దరి సంతకాలు కావలసిన ఉమ్మడి ఖాతాలోకో వచ్చేలా కొనుగోలుదారుతో ముందే మాట్లాడండి.

ఇప్పుడు ఒంటి మీద పడే దెబ్బ. డాక్టరు బీపీ మాత్రలు, కడుపు మంటకు మాత్రలు రాశారన్నారు. ఆయనకు పందేల సంగతి ఎవరూ చెప్పి ఉండరు. అర్ధరాత్రి మ్యాచ్‌లు, తెల్లవారుజామున వేరే దేశపు మ్యాచ్‌లు, మధ్యలో రమ్మీ. నెలల తరబడి ఇలా నిద్ర చెడితే, ఒత్తిడి హార్మోన్లు దిగకుండా ఉంటే, బీపీ మాత్ర తన పని తాను పూర్తిగా చేయలేదు. దానికి తోడు సిగరెట్లు, టీలు, వేళతప్పిన తిండి. ఇందాక చెప్పిన అమెరికా సర్వే సమాచారాన్నే విశ్లేషించినప్పుడు, జూద వ్యసనం ఉన్నవారిలో గుండె దడ, గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి, కాలేయ జబ్బు మిగతావారికంటే ఎక్కువగా కనిపించాయి. మధుమేహం ఉన్నవారు మాత్రలు మరిచిపోతారు, పరీక్షలు వాయిదా వేస్తారు, ఆ డబ్బూ పందేనికే పోతుంది. తలనొప్పి, నడుం నొప్పి అంటూ డాక్టర్ల చుట్టూ తిరిగినవాళ్లు అసలు కారణం దాచడం వల్ల అక్కరలేని స్కానింగులు చేయించుకోవడం చూశాను. మీ అన్నయ్యను చూస్తున్న ఫిజీషియన్‌కు ఈ విషయం చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి మానసిక ఆరోగ్యం, చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని చెబుతోంది. బయటికి పొక్కుతుందన్న భయం అక్కరలేదు.

మనసు మీద పడే దెబ్బ ఇంకా పెద్దది. దిగులు, ఆందోళన, ఉలికిపాటు, ఫోను మోగితే భయం. అన్నింటికంటే ముందు ప్రాణం గురించి మాట్లాడాలి. స్వీడన్‌లో జూద వ్యసనం నిర్ధారణ అయినవారిని పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, వారిలో ఆత్మహత్య మరణాలు సాధారణ జనాభాతో పోలిస్తే సుమారు 15 రెట్లు ఎక్కువని తేలింది. మా అనుభవంలో అత్యంత ప్రమాదకరమైన సమయం, అప్పు ఇంట్లో బయటపడిన రోజు, ఆ తర్వాతి కొద్ది వారాలు. మీరు ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నారు. అందుకే ఈ పని ఈ రోజే చేయండి. ఇంట్లో, చెరువు షెడ్డులో ఉన్న పురుగుమందులు, కలుపు మందులు తీసేసి ఆయనకు తెలియని చోట తాళం వేయించండి. కొన్నాళ్లు రాత్రుళ్లు ఒంటరిగా వదలకండి. “చచ్చిపోవాలని అనిపిస్తోందా అన్నయ్యా” అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. అడిగినందుకు గుండె బరువు దించుకున్నవాళ్లే ఎక్కువ. అవునంటే, లేదా “నేను లేకపోతే మీరంతా సుఖంగా ఉంటారు” వంటి మాటలు వింటే, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. ఆయనే కాదు, మీరూ చేయవచ్చు.

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ప్రత్యేకంగా జూదాన్ని నయం చేసే మాత్ర అంటూ ఆమోదం పొందినది ఏదీ లేదు. ఆడాలన్న తహతహను నాల్ట్రెక్సోన్ అనే మందు కొందరిలో తగ్గిస్తుంది. దిగులు ఉంటే దానికి మందు ఇస్తాం. బైపోలార్ ఉందేమో చూడకుండా దిగులు మాత్రలు మొదలుపెట్టకూడదు కాబట్టి దుకాణంలో అడిగి తెచ్చుకోవడం వద్దు. ఎక్కువ ఆధారాలున్న వైద్యం మాటలతో చేసేది. దాన్ని ఆలోచనా ప్రవర్తనా చికిత్స అంటారు. కొన్ని వారాల పాటు కూర్చోబెట్టి, ఏ వేళలో, ఎవరి ఫోనుతో, ఏ మాటతో కోరిక మొదలవుతోందో గుర్తుపట్టడం, “ఈసారి తగులుతుంది” అన్న లెక్కలో తప్పు ఎక్కడుందో ఆయన చేతే చెప్పించడం, కోరిక లేచిన ఆ అరగంట ఎలా గడపాలో నేర్పడం ఇందులో ఉంటాయి. ఆ కోరిక ఎంత బలంగా లేచినా, ఆడకుండా ఉంటే కాసేపటికి దానంతట అదే దిగుతుంది. ఇది ఒకసారి స్వయంగా చూసిన మనిషిలో వచ్చే ధైర్యం ఏ ఉపదేశంతోనూ రాదు.

పెంచలకోనకు తీసుకెళ్లి ప్రమాణం చేయించాలని మీ అమ్మగారు అంటున్నారు. దేవుడి మీద నమ్మకం ఆయనకు బలమైతే నేను కాదనను, దర్శనానికి తప్పకుండా వెళ్లండి. కానీ ఒట్టు వేయించకండి. జబ్బు వల్ల ఆ ఒట్టు తప్పిన రోజున డబ్బు పోయిన బాధకు పాపభయం తోడవుతుంది, దాపరికం రెట్టింపవుతుంది. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు తాగకుండా, ఆడకుండా ఉన్నవారిని చూసి నయమైపోయిందని వైద్యం ఆపేసే కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి. ఆ నలభై ఒక్క రోజులు మంచి ఆరంభం. చికిత్స ఆ రోజుల్లో మొదలైతే ఇంకా బాగుంటుంది.

అప్పుల విషయం ఇలా చేయండి. ఆయన పక్కన కూర్చుని మొత్తం జాబితా రాయండి: బ్యాంకు, బంగారం తాకట్టు, మేత దుకాణం, చీటీలు, చేబదుళ్లు, లోన్ యాప్‌లు, బుకీ. మొదటిసారి ఎవరూ మొత్తం చెప్పరు. సిగ్గు వల్ల కొన్ని మిగిలిపోతాయి. వారం తర్వాత మళ్లీ అడగండి, కోపపడకుండా. బుకీ బాకీ వేరుగా పెట్టండి. 1872 భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, ఆ గెలుపు డబ్బు కోసం కోర్టుకు వెళ్లలేరు. అందుకే వాళ్లు ఖాళీ ప్రామిసరీ నోట్ల మీద సంతకాలు తీసుకుంటారు. అలాంటివి ఇచ్చాడేమో అడిగి, న్యాయవాదికి చూపించండి. బెదిరిస్తే పోలీసుల దగ్గరకు వెళ్లండి. ఆన్‌లైన్ మోసమైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. మిగిలిన అప్పులకు నెలకో పంటకో ఇంత అని గడువు అడగండి. మన ఊళ్లలో నలుగురు పెద్దమనుషులు కూర్చుంటే వడ్డీ తగ్గించుకునేవారు ఇంకా ఉన్నారు. తీర్చే డబ్బు ఆయన కష్టార్జితం నుంచి రావాలి, చెల్లించేది మాత్రం మీ వదినగారో మీరో కావాలి. ఆయన ఫోనులో యూపీఐ తీసేయండి, బ్యాంకులో పరిమితి తగ్గించండి, పట్టాదారు పాసుపుస్తకం, బంగారం లాకరులో పెట్టండి. ఇది శిక్షలా కాకుండా ఆయన ఒప్పుకొని చేసినదై ఉండాలి. “కోరిక లేచినప్పుడు డబ్బు దగ్గర లేకపోతే నీకే తేలిక” అని చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

చట్టం గురించి ఒక్క మాట. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. నడిపేవారికి, ప్రచారం చేసేవారికి శిక్షలున్నాయి, ఆడినవారికి ఆ చట్టంలో శిక్ష లేదు. ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందే 2020లో నిషేధం వచ్చింది. యాప్‌లు మూతపడినా ఏజెంట్ల ఐడీలు ఆగలేదు. కాబట్టి నిషేధం ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి.

మధ్యలో మళ్లీ ఒకసారి ఆడే అవకాశం ఎక్కువే, ముఖ్యంగా ఐపీఎల్ నెలల్లో, సంక్రాంతికి, పట్టుబడి వారంలో, పంట పోయినప్పుడు. ఆడితే రెండు రోజుల్లోపు ఇంట్లో ఒకరికి చెప్పాలన్నది ముందే మాట తీసుకోండి. చెప్పినప్పుడు అరవకూడదన్నది మీ వైపు మాట. ఆ రోజున డాక్టరును మార్చకండి, మందులు ఆపకండి.

వదినగారికి చెప్పాలా అని అడిగారు. చెప్పాలి, మొత్తం చెప్పాలి. ఆవిడకు సగం తెలుసు. మిగతా సగం తెలియక ఆవిడ కూడా నిద్రపోవడం లేదు, పిల్లల మీద విసుక్కుంటున్నారని మీరే రాశారు. వ్యసనం ఉన్న మనిషి భార్యలో దిగులు, తలనొప్పి, బీపీ మాకు మామూలుగా కనిపించేవే. ఆవిడకూ ఓపీ చీటీ రాయించండి. మీరు చెప్పడం కంటే మీ అన్నయ్యే చెప్పడం మేలు, పక్కన మీరు ఉండండి. అమ్మగారిని ఆ గదిలో కూర్చోబెట్టకండి. ఆవిడ ఏడిస్తే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. ఆవిడకు మరుసటి రోజు చెప్పవచ్చు. పిల్లలు బడికి వెళ్లిన వేళ, చేతిలో ఆ అప్పుల జాబితా పెట్టుకుని మాట్లాడండి. ఆవిడ పుట్టింటికి వెళతానంటే అడ్డుపడకండి, మీ అన్నయ్య దగ్గర మాత్రం ఆ రాత్రి మీరు పడుకోండి. ఓపీకి వచ్చేటప్పుడు ఆ జాబితా, ఇప్పుడు వాడుతున్న మందులన్నీ, గత ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకురండి. మొదటిసారి ఆయన నోరు తెరవకపోయినా, వాటిని బట్టి మేము మొదలుపెట్టగలం.